ముందు అంకె రాసుకో

క్లాక్స్‌విక్ రేవు మీద మూడు రోజులుగా పొగమంచు.
కిటికీలోంచి చూస్తే ఎదుటి కొండ లేదు,
కొండ కింద చేపల గిడ్డంగి లేదు,
ఉన్నదల్లా దాని నీలం దీపం,
అదీ ఒకసారి ఉండి, ఒకసారి లేక.

తెర మీద ఒకే ఒక్క వరుస.
"ఎర్రర్: సక్సెస్."
అంటే, తప్పు జరిగింది,
ఏమిటంటే అంతా సవ్యంగా ఉంది.

మొదటిసారి చదివి నవ్వాను.
రెండోసారి నవ్వు రాలేదు.
శుక్రవారం తెల్లవారుజామున
బార్దుర్ పడవ మా పటం మీంచి జారిపోయిన నిమిషాన
నేను రాసిన ప్రోగ్రాము పలికిన ఆఖరి మాట అది.

పడవ దొరికింది లెండి.
ఇంజను చల్లారి, కల్సోయ్ దీవి చాటున,
ముగ్గురూ టీ కాచుకుంటూ.
దొరక్కపోతే ఇది రాసేదాన్ని కాను.

కెర్నల్‌కి మాటలు రావు.
అడిగిన పని కుదరకపోతే
మైనస్ ఒకటి చేతిలో పెట్టి,
గుమ్మం పక్క గూట్లో ఒక అంకె వదిలేసి పోతుంది.
రెండంటే, ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరు.
పదమూడంటే, ఉన్నారు గాని నిన్ను రానివ్వరు.
ఇరవై ఎనిమిదంటే, నిండిపోయింది, కాలు పెట్టే చోటు లేదు.
పదకొండుకొక్కదానికే కాస్త దయ,
ఇప్పుడు కాదు, మళ్లీ రా అంటుంది.
చావు కబురు చల్లగా చెప్పడం అంటారే,
దీనికి ఆ చల్లదనం కూడా తెలియదు.

ఆ అంకెకు ఒళ్లు కట్టడం నా కొలువు.
ఏ తలుపు తట్టాం, ఏ దారిన వెళ్లాం,
ఎన్నో వరుసలో కాలు జారింది,
అన్నీ కూర్చి, తగిన పేరు వెతికి పెట్టి,
పిలిచినవాళ్ల మీదికి విసిరేస్తాను.
ఎక్కడో ఒక చేయి పట్టుకుంటుందని.
ఏ పట్టికలోనూ లేని అంకె వస్తే
"గుర్తు తెలియని లోపం" అని రాసి
పక్కన ఆ అంకెనే ఉంచుతాను.
పేరు లేకపోయినా ఆనవాలు ఉండాలి కదా.

మధ్యాహ్నం హోగ్ని వచ్చాడు,
కాగితంలో చుట్టిన ఎండు గొర్రెమాంసంతో.
ముప్పై ఏళ్లు తీరపు రేడియో విన్న చెవులు,
ఇప్పుడు ఒకటే పనిచేస్తుంది.
నీ రాత నాకు తెలియదు, పైకి చదువు అన్నాడు.

చదివాను.
స్టేషనును పిలిచాం. పలకలేదు.
ఆ సంగతి లాగ్‌లో రాయమన్నాం.
ఆ తర్వాత గూట్లో అంకె తీసి, వస్తువు కట్టి,

"ఆగు" అన్నాడు.
"మధ్యలో ఆ రాత ఎందుకు?"

అప్పుడు కనబడింది నాకు.
లాగ్ రాసే ఫంక్షను తన లెక్క మొదలెట్టే ముందు
గూడు శుభ్రంగా తుడిచి సున్నా పెడుతుంది.
దాని తప్పు కాదు. మంచి అలవాటే.
నేను చేయి పెట్టేసరికి అక్కడ ఉన్నది సున్నా.
సున్నాకి వాళ్ల భాషలో అర్థం, విజయం.

హోగ్ని చాలాసేపు మాంసం కోశాడు.
మొదటి చలికాలం, ఒక గొంతు అరిచిందట,
ధైర్యంగా ఉండండి, వస్తున్నాం, వస్తున్నాం అన్నాడట తను,
ఎక్కడున్నారని అడిగేసరికి
రేడియోలో సముద్రం కూడా లేదట.
ఆ రాత్రి పుస్తకంలో సమయం ఉంది, తన సంతకం ఉంది,
వినికిడి గడిలో "స్పష్టం" అని ఉంది.
అక్షాంశం గడి ఖాళీ.

పడవ పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు.
"ముందు అంకె రాసుకో, తర్వాత ఏడువు"
అని కత్తి తుడిచి మడిచాడు.

ఒక్క వరుస చేర్చాను,
పిలుపు కింద, లాగ్‌కు పైన.
కేబుల్ పీకి చూశాను. నూటపది అంది.
ఎదురుచూసి ఎదురుచూసి చాలించుకున్నాం అని.
స్టేషను పేరుతో సహా.
ఇంత అందమైన చెడ్డ కబురు ఈమధ్య వినలేదు.

సాయంత్రం సోల్‌బ్యోర్ నా మార్పు చదివి అడిగింది,
ఈ వరుస తీసేసినా పరీక్షలన్నీ నెగ్గుతున్నాయి, ఎందుకిది?
జవాబు రెండుసార్లు రాసి చెరిపాను.
చివరికి ఆ వరుస నెత్తిన వ్యాఖ్యగా
హోగ్ని ఫోను నంబరు పెట్టాను.
కుడి చెవి వైపు మాట్లాడమని కూడా.